రూబార్బ్ ఆకులో పెత్రమాస అన్నం

నా చిన్నప్పుడు మేమున్న ఇంట్లో వంటగది కిటికీ తెర జరిపితే సమాధులు కనిపించేవి. ఈ మాట అనగానే మా మనవరాళ్ళు అమ్మమ్మ మళ్ళీ మొదలుపెట్టిందన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూసుకోనీ, నేను ఉన్నదే చెబుతున్నాను. పెరడు దాటితే చిన్న వాలు, ఆ వాలు మీద నడుమెత్తు ఇనుపకంచె, కంచె లోపల అయిదు సమాధులు. అందులో రెండు మరీ చిన్నవి.

భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న డునెడిన్ పట్నం నుంచి కారులో గంటన్నర పోతే వచ్చే ఊరది. ఎటు చూసినా గొర్రెలే. మా నాన్న అక్కడి చిన్న ఆసుపత్రిలో డాక్టరు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల తెలుగు మాట వినపడాలంటే మా ఇంట్లోనే వినపడాలి. నేను బడికి పోయి ఇంగ్లీషు నేర్చేసుకున్నాను. అమ్మకు అర్థమయ్యేది గానీ మాట్లాడాలంటే బెరుకు, ఎవరైనా నవ్వుతారేమోనని. హనుమకొండలో పది ఇళ్ళ మధ్య పెరిగిన మనిషి, అక్కడ మాట్లాడేవాళ్ళు లేక గోడలతో మాట్లాడుకునేది.

క్వార్టర్సు ఇరుకైపోయిందని నాన్న ఒక పాత ఇల్లు కొన్నాడు. అమ్మినావిడ ముసలావిడ. వాళ్ళ తాత స్కాట్లాండు నుంచి ఓడలో వచ్చి ఆ నేలను సాగులోకి తెచ్చినవాడట. ఇప్పటి పిల్లలు బడిలో సెట్లర్లని చదువుకుంటారే, ఆ మనుషుల్లో ఒకడు. ఒకప్పుడు కొండ అంచు దాకా వాళ్ళదే పొలం. అమ్ముకుంటూ అమ్ముకుంటూ చివరికి ఆ ఇల్లూ, చుట్టూ ఉన్న కాస్త నేలా మిగిలాయి. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, తల్లినీ గొర్రెలనూ చూసుకుంటూ అక్కడే ముసలిదైపోయింది. ఇల్లు మాకిచ్చి, రోడ్డు మలుపులో ఉన్న చిన్న కాటేజీలోకి మారింది. పెద్దవాళ్ళను ఆంటీ అనాలని నాన్న చెబితే నేనలాగే పిలిచాను. మొదటిసారి పిలిచినప్పుడు వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది.

మా నాన్న రోగులకు జబ్బు సంగతి విడమరచి చెప్పేవాడే గానీ ఇంటి సంగతి అడిగితే తప్ప చెప్పేవాడు కాదు. సమాధులున్నాయని అమ్మకు ముందు చెప్పలేదు. పాలు పొంగించిన మర్నాడు అమ్మ బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళి, తడిబట్టల బుట్ట అక్కడే వదిలేసి లోపలికి వచ్చింది.

"శ్మశానం పక్కన కాపురం పెట్టించిన్రా నాతోని?" అంది. అప్పటికి తను కడుపుతో ఉంది.

అప్పుడు నాన్న రెండో సంగతి కూడా బయటపెట్టాల్సి వచ్చింది. కంచె లోపల, ఆ ముసలావిడ తల్లి పక్కన, ఒక మనిషికి సరిపడా జాగా మిగిలి ఉంది. తను పోయాక తనను అక్కడే పెట్టాలని ఆవిడ నాన్న దగ్గర మాట తీసుకుంది. వట్టి మాటే, కాగితం ఏమీ లేదు. స్థలం యజమాని సరేనంటే కౌన్సిలుకు అభ్యంతరం లేదట. యజమాని కాదంటే మాత్రం ఆవిడకు ఊరవతల ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య చోటు దొరుకుతుంది. తన వాళ్ళందరూ ఇక్కడ, తనొక్కతే అక్కడ.

అమ్మ ఇవేవీ వినే స్థితిలో లేదు. ఇల్లు అమ్మెయ్యమంది. కొనడానికి పక్క పొలం రైతు సిద్ధంగానే ఉన్నాడు. ఆయన మొహం మీదే చెప్పాడు, ఉన్న సమాధుల్ని ముట్టుకోను, కొత్తదాన్ని రానివ్వను అని. ఆ మాట ముసలావిడ చెవిన పడింది. అప్పటిదాకా మా పెరట్లోంచి వచ్చి కంచె దగ్గర కలుపు తీసుకుని పోయే మనిషి, ఆ తర్వాత రోడ్డు మీదుగా చుట్టు తిరిగి, మా కిటికీలో పడకుండా వచ్చేది. అమ్మ వంటగది కిటికీకి మందపాటి తెర కట్టి, దాని అంచులకు మేకులు కొట్టించింది. పట్టపగలు లైటు వేసుకుని వంట చేసేది.

నాన్న ఎటూ తేల్చలేక, పురుటికి నాయనమ్మ వస్తుంది కదా, వచ్చాక చూద్దామన్నాడు. అమ్మ సంతోషించింది. ఏ అత్త మాత్రం కడుపుతో ఉన్న కోడల్ని సమాధుల పక్కన ఉంచుతుంది? వచ్చీ రాగానే కొడుకును నాలుగు దులిపి ఇల్లు అమ్మించేస్తుందని అమ్మ లెక్క.

నాయనమ్మ కరీంనగర్ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసిన మనిషి. ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా విమానాలు మారి వచ్చి దిగింది. వచ్చిన రోజే అమ్మ తెర సంగతి చెప్పి ఏడ్చింది. నాయనమ్మ అంతా విని, ఒక మేకు ఊడబీకి, తెర మూల ఎత్తి చాలాసేపు చూసింది.

"మన బాయికాడ మీ మామ సమాధి లేదా? చేన్ల పనికొచ్చినోళ్ళు ఆడనే కూసోని సద్ది తింటరు," అంది. మా వైపు రైతుల ఇళ్ళల్లో అది మామూలే, పోయినవాళ్ళను సొంత చేనులోనే పెట్టుకుంటారు. అమ్మ టౌను పిల్ల, తనకది మింగుడు పడేది కాదు. అత్త కూడా ఇలా అనేసరికి తనకు దిక్కెవరూ లేరనుకుంది పాపం. ఆ పూట అన్నం తినలేదు.

నాయనమ్మ బలవంతపెట్టలేదు. తెర అలాగే ఉంది. ఊడబీకిన మేకు జాగా నుంచి మాత్రం రోజూ తొంగిచూసేది. "ఆ ముసలామె ఒక్కతే వస్తది, ఒక్కతే పోతది. పలకరించెటోళ్ళు లేరానె ఈమెకు?" అని నన్నడిగేది. నాకేం తెలుసు, నాకు తొమ్మిదేళ్ళు.

ఇంతలో పెత్రమాస వచ్చింది. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, బతుకమ్మ మొదలయ్యే అమావాస్య అది. పోయిన పెద్దల పేరు మీద వండి, ఒక విస్తరి కాకులకు పెట్టి, తర్వాత ఇంటిల్లిపాదీ తింటారు. మా ఊళ్ళో అప్పుడు చలి మొదలవబోతూ ఉంటుంది. ఇక్కడ అన్నీ తలకిందులు కదా, చలి పోయి గొర్రెపిల్లలు గెంతుతున్నాయి. నాయనమ్మ పొద్దున్నే స్నానం చేసి అన్నం, గారెలు, పాయసం, ఆలుగడ్డ కూర, పప్పు వండింది. ఆ పప్పులో పులుపుకు వేసింది రూబార్బ్ కాడలు.

రూబార్బ్ అంటే ఇక్కడ ప్రతి పాత ఇంటి పెరట్లోనూ ఉంటుంది. ఎర్రటి లావు కాడ, దాని చివర చేటంత ఆకు. కాడ కొరికితే గోంగూరకు తాత. ఇక్కడివాళ్ళు చక్కెర వేసి ఉడకబెట్టుకుంటారు. ఇల్లు అప్పగించిన రోజు ముసలావిడ ఆ గుబురు చూపించి ఏదో చెప్పింది, నాన్న తల ఊపాడు. అమ్మ ఆ కాడలు రుచి చూసి, గోంగూర దొరకని దేశంలో దేవుడిచ్చాడనుకుని వెల్లుల్లి వేసి పప్పు చేయడం మొదలుపెట్టింది.

వంటయ్యాక నాయనమ్మ కాకుల కోసం బయటికొచ్చి ఆకాశం చూసింది. ఈ దేశంలో మన కాకులు లేవు. తెలుపూ నలుపూ కలిసిన పిట్టొకటి కంచె మీద వాలితే, "అది గాదు, అది సగం కాకి," అంది. తర్వాత కత్తి పట్టుకుని రూబార్బ్ గుబురు దగ్గరికి నడిచింది. మంచి వెడల్పాటి ఆకులు ఏరి కోసి, కడిగి, అందులో అన్నమూ కూరలూ సర్ది, నా చేతికి నీళ్ళ చెంబిచ్చి, వాలు మీదికి బయలుదేరింది.

అమ్మ గుమ్మంలోంచి, "అత్తమ్మా, అటెందుకు?" అంది.

"మీ మామ దూరమున్నడు. ఈ జాగల ఉన్న పెద్దలకు పెడ్త. ఆయనకు ముడ్తది."

కంచె గేటుకు తాళం లేదు. నాయనమ్మ చెప్పులు బయట విడిచి, ఒక్కో సమాధి ముందు ఒక్కో ఆకు పెట్టింది. చిన్నవాటి ముందు పాయసం ఎక్కువ వేసింది. చేతులు జోడించబోతుండగా వెనక నుంచి వద్దు వద్దని కేక వినపడింది. ముసలావిడ. కలుపు తీసే చిన్న పార చేతిలో పట్టుకుని వాలు మీద దాదాపు పరిగెడుతూ వస్తోంది. నేను చెంబు వదిలేశాను.

నాయనమ్మ మొహం చిన్నబోయింది. "తప్పయిందని చెప్పు బిడ్డా. తీసేస్త," అంటూ వంగి ఆకులు ఎత్తబోయింది. ముసలావిడ ఆ చెయ్యి పట్టుకుంది. నా వైపు తిరిగి, ఇందులో ఎవరైనా తిన్నారా అని అడిగింది. కాడే తినాలి, ఆకు విషం, మీ నాన్నకు ఆ రోజే చెప్పాను కదా అంది. అదన్నమాట ఆ రోజు ఆయన తల ఊపిన సంగతి.

నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ ఆకు వంక చూసింది, సమాధుల వంక చూసింది.

"సచ్చినోళ్ళకు విషమేం జేస్తదో అడుగు," అంది.

అది ఇంగ్లీషులో చెప్పాలా మానాలా అని నేను బిక్కమొహం వేశాను. చెప్పమని నాయనమ్మ మోచేత్తో పొడిచింది. చెప్పాను. ముసలావిడ మొదట అర్థం కానట్టు చూసింది, తర్వాత నవ్వింది. నవ్వు ఆగక కంచె ఊచ పట్టుకుని అక్కడే గడ్డిలో కూర్చుండిపోయింది. నాయనమ్మా నవ్వింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటుంటే నేను వెర్రిదానిలా మధ్యలో నిలబడ్డాను.

తర్వాత ఆవిడ తన కాటేజీకి వెళ్ళి నీలం అంచున్న పింగాణీ పళ్ళాలు తెచ్చింది. అవి వాళ్ళ అమ్మమ్మవట. అన్నం పళ్ళాల్లోకి మార్చారు. అందరికీ పెట్టాక నాయనమ్మ నెయ్యి మరిచిపోయానని నన్ను ఇంటికి తరిమింది. వేడి నెయ్యి గిన్నె నా చేతికివ్వడానికి అమ్మకు భయమేసింది, వాలు మీద ఎక్కడ ఒలకబోసుకుంటానోనని. తనే పట్టుకుని నా వెనకే వచ్చింది. కంచె దాకా వచ్చి బయటే ఆగిపోయింది.

లోపల నాయనమ్మ ఒక్కొక్కరి పేరూ అడుగుతోంది, ముసలావిడ చెబుతోంది, నేను అటూ ఇటూ అందిస్తున్నాను. పెద్ద సమాధి వాళ్ళ తాతది. స్కాట్లాండులో కౌలు రైతు చిన్నకొడుకు, సెంటు భూమి లేదు. ఇక్కడికొచ్చి వాగు ఒడ్డున మట్టిగడ్డలతో గుడిసె కట్టి, మనిషెత్తు గడ్డి నరికి నరికి అరచేతులు వంకర పోయాయట. ముసలితనంలో చెంచా పట్టుకోలేకపోతే ఈవిడే తినిపించేది. పక్కన ఆయన భార్య. రూబార్బ్ దుంపను తడి గోనెలో చుట్టి, ఓడలో తన తాగునీళ్ళు దానికి పోస్తూ తెచ్చింది ఆవిడే. చిన్నవి రెండూ వాళ్ళ పిల్లలు. మొదటి బిడ్డ చలికి పోయింది, రెండో బిడ్డ ఏమై పోయిందో చెప్పేవాళ్ళు లేరు. చుట్టుపక్కల ఇంకో ఆడమనిషి లేదు, మొదటి కాన్పు ఆయనే చేశాడు. మూడో బిడ్డ ఈ ఇంట్లోనే పుట్టి బతికింది. ఆవిడే ఈవిడ తల్లి.

బయటి నుంచి అమ్మ, "విచ్ రూమ్?" అంది. ఆవిడతో అమ్మ తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. ముసలావిడ మా పడకగది కిటికీ చూపించింది. మూడో కాన్పు నాటికి ఇల్లు కట్టారట, ఆ గదిలోనే తన తల్లి పుట్టిందట. అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది.

నాయనమ్మకు ఇంకా సందేహం తీరలేదు. "మన కాల్వ కిందికి గుంటూరోళ్ళొచ్చిన్రు చూడు, గట్లనే వచ్చిన్రా వీళ్ళు? వాళ్ళు మన పటేల్ల దగ్గర కొన్నరు. ఈమె తాత ఎవల దగ్గర కొన్నడు?"

ప్రభుత్వం దగ్గర, అంది ముసలావిడ.

"సర్కారు దున్నుతదా ఏంది? సర్కారు కంటె ముందు ఎవలుండిరి?"

ఇది చెబితే ముసలావిడ వాగు వైపు చూసింది. ప్రశ్న సరిగ్గా చెప్పలేదేమోనని నేను మళ్ళీ చెప్పాను. ఆవిడ లేచి, రమ్మన్నట్టు చెయ్యి ఊపి, వాలు దిగి వాగు వైపు నడిచింది. మేం వెనకే వెళ్ళాం. నెయ్యి గిన్నె పట్టుకుని అమ్మ కూడా.

వాగు ఒడ్డున గడ్డి తప్పించి చూపించింది. నల్లగా కాలిన రాళ్ళు, పగిలినవి, గుంటలో పోగుపడి ఉన్నాయి. తెల్లవాళ్ళ కంటే ముందు నుంచీ ఈ దేశంలో ఉన్న మావోరీల పొయ్యి అది. భూమిలో గుంట తవ్వి, రాళ్ళు కాల్చి, వాటి మీద వండుకునేవాళ్ళు. ఏటా పాముచేపలు పట్టే కాలానికి వచ్చి ఇక్కడే దిగేవాళ్ళట. వాళ్ళ తాత మొదటిసారి నాగలి పెట్టినప్పుడు ఇలాంటి గుంటలు చాలా తగిలాయి. కంచె వేసిన తర్వాత వాళ్ళు రావడం మానేశారు. ఊళ్ళో మాత్రం ఆయన, తను వచ్చేసరికి ఇక్కడ ఏమీ లేదనీ ఎవరూ లేరనీ చెప్పేవాడు.

"మా తాత మంచివాడు," అంది ఆవిడ. "ఈ ఒక్క సంగతి అడిగితే మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు కూడా."

నేనది తెలుగులో చెబుతుంటే ఆవిడ నేల చూపులు చూస్తూ నిలబడింది. సిగ్గుపడుతోందని నాకు కూడా తెలిసింది. నాయనమ్మ వంగి ఆ రాళ్ళను తడిమింది. వాళ్ళ పేర్లేమిటని అడిగింది. తెలియవంది ఆవిడ. నాయనమ్మ నన్ను పంపి ఇంకో పళ్ళెంలో అన్నం, పప్పు తెప్పించి ఆ రాళ్ళ పక్కన పెట్టింది. తర్వాత అమ్మ వైపు చెయ్యి చాపింది.

"నెయ్యి తే. వీళ్ళకు జర ఎక్కువెయ్యి. పేరువెట్టి పిలిచెటోళ్ళు లేరు."

అమ్మ గిన్నె ఇవ్వలేదు. తనే వంగి, పొట్ట అడ్డమొస్తున్నా వంగి, నెయ్యి వేసింది. వేసి లేస్తూ ఏడ్చేసింది.

"నేను ఈడనే పోతే నన్నుగూడ ఇట్లనేనా అత్తమ్మా? ఎవలకూ తెల్వని జాగల?"

ఇన్నాళ్ళూ అమ్మ భయం సమాధుల గురించి కాదని నాకప్పుడు తెలిసింది. పరాయి దేశంలో, పుట్టింటివాళ్ళు లేకుండా కాన్పు, జరగరానిది జరిగితే తన పేరు కూడా సరిగ్గా పలకడం రాని మనుషుల మధ్య మట్టిలో కలిసిపోవడం. తెరకు మేకులు కొట్టించింది ఆ భయం.

నాయనమ్మ తన కొంగుతో అమ్మ మొహం తుడిచింది. "గీ ముసలామెను చూడు. ఎన్నేండ్ల కింద పోయినోళ్ళ పేర్లు గడగడ చెప్పిందా లేదా? చెప్పెటోళ్ళు ఒక్కలుంటె సాలు. నీకు ఈ పిల్ల లేదా?" అని నా నెత్తి మీద చెయ్యి వేసింది.

అమ్మ ముక్కు చీదుకుని ముసలావిడ వైపు తిరిగింది. నన్ను చెప్పమనలేదు. "హౌస్, నాట్ సెల్లింగ్," అంది. కంచె వైపు వేలు చూపించి, "యువర్ ప్లేస్. యువర్ మదర్ సైడ్. మై ప్రామిస్," అంది. తప్పో ఒప్పో, ఆగకుండా అంది. ముసలావిడ మట్టి చేతులతోనే అమ్మ చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు. ఇంటికొచ్చాక అమ్మ తలస్నానం చేసి నాచేత కూడా చేయించిందనుకోండి, అది వేరే సంగతి. ఆ సాయంత్రం నాన్న ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వంటగది తెర లేదు, మేకులు గిన్నెలో ఉన్నాయి. ఆయన ఏమీ అడగలేదు, ఎవరూ ఆయనకు చెప్పలేదు.

తమ్ముడు పుట్టాడు. నాయనమ్మ వెళ్ళిపోయింది. ముసలావిడ మళ్ళీ మా పెరట్లోంచే వచ్చిపోయేది. వస్తూ వస్తూ అమ్మతో రూబార్బ్ పప్పు తిని, కారానికి ముక్కు తుడుచుకుంటూ వెళ్ళేది. నేను హైస్కూల్లో ఉండగా పోయింది. ఆ జాగాలోనే, వాళ్ళమ్మ పక్కనే పెట్టారు. ఆవిడ తరఫువాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ముందు వరసలో అమ్మ నిలబడింది. తర్వాత చాలా ఏళ్ళకు ఆ ఇల్లు అమ్మినప్పుడు, కొన్నవాళ్ళకు నాన్న కంచె సంగతీ వాగు సంగతీ రూబార్బ్ ఆకు సంగతీ అన్నీ ముందే చెప్పాడు. పక్కన నిలబడి అమ్మ చెప్పించింది.

ఇప్పుడు నేనుండేది ఈ దేశంలోనే, ఆ ఊరికి చాలా ఉత్తరాన జాన్సన్‌విల్‌లో. పెరట్లో గాలికి ఏదీ నిలవదు గానీ ఆ గుబురు నుంచి తవ్వి తెచ్చుకున్న రూబార్బ్ దుంప మాత్రం మొండిగా బతికింది. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, ఇక్కడ ఇదివరకు ఎవరుండేవాళ్ళు, వాళ్ళ కంటే ముందు ఎవరని ఇరుగుపొరుగునంతా అడిగి విసిగించాను. మా అల్లుడు దాన్ని అత్తయ్య ఎంక్వయిరీ అంటాడు. చాలా ఏళ్ళ తర్వాత నాతో పనిచేసిన ఒక మావోరీ ఆవిడ చెప్పింది, వాళ్ళు సమాధుల దగ్గరికి వండిన అన్నం తీసుకెళ్ళరని, అక్కడి నుంచి వస్తే మనలాగే నీళ్ళు చల్లుకుంటారని. నాయనమ్మ పెట్టింది పొయ్యి దగ్గర కాబట్టి తప్పు కాలేదులే అని నవ్వింది.

పెత్రమాస నాడు మూడు పళ్ళాలు పెడతాను. ఒకటి మా వాళ్ళకు. అందులో ఇప్పుడు నాయనమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అమ్మ కూడా ఉంది. అమ్మ పేరు మనవరాళ్ళ చేత గట్టిగా పలికిస్తాను, సరిగ్గా వచ్చేదాకా. రెండోది కంచె లోపలి ఆరుగురికి. మూడోది ఎవరికని పిల్లలు ప్రతిసారీ అడుగుతారు. పేర్లు తెలియవని చెబుతాను. అడిగినందుకు నాకు సంతోషంగా ఉంటుంది. వాళ్ళ చేతికే గిన్నె ఇచ్చి, ఆ పళ్ళెంలో నెయ్యి కొంచెం ఎక్కువ వెయ్యమంటాను.